పొగ మేస్త్రి కన్నేసిన బండి

డీజిల్ బండి వదిలే పొగ రంగు చూసి లోపలి రోగం చెప్పేస్తాడని ఆయనకి పొగ మేస్త్రి అని పేరు పడింది. నల్లటి పొగైతే డీజిల్ సరిగ్గా మండడం లేదని, నీలం పొగైతే ఇంజనాయిల్ కాలిపోతోందని దూరం నుంచే చెప్పేవాడు. ఆయన భార్య మాత్రం ఆ పేరుకి ఇంకో కారణం చెప్పేది. "మా ఆయన తోడల్లుడి పేరెత్తి చూడండి, గొట్టం అక్కర్లేకుండానే పొగ వస్తుంది" అనేది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. వీధిలో ఎవడు మూడంతస్తులు లేపినా మేస్త్రికి చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. భార్య చెల్లెలి మొగుడు కొత్త చెప్పులు కొనుక్కున్నాడంటే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు. ఆ తోడల్లుడికి మొక్కల నర్సరీ ఉంది. నవ్వుమొహం మనిషి, నోరారా "అన్నయ్యా" అని పిలుస్తాడు, అడగకుండానే సాయానికొస్తాడు. అలాంటివాణ్ణి చూసి ఏడవడం మహా కష్టం. మేస్త్రి ఆ కష్టమంతా ఓపిగ్గా పడేవాడు. దానికి తోడు అత్తగారు "చిన్నల్లుడు మట్టి ముట్టుకున్నా బంగారమే" అని ఆయన ఎదుటే అనేది.

ఇక బండి సంగతి. రిటైరైన సర్వేయరు గారికి ఒక డీజిల్ జీపు ఉండేది, నాలుగు చక్రాలూ లాగే రకం. కొండలూ గుట్టలూ కొలిచినన్నాళ్లూ ఆయన్ని మోసిన బండి. దాని మంచీ చెడ్డా పదేళ్లుగా మేస్త్రే చూసేవాడు. అందరి బండ్లనీ నీళ్ల పైపుతో కడిగిస్తే, దీన్ని మాత్రం మెత్తటి గుడ్డతో తనే తుడిచేవాడు. సర్వీసయ్యాక నడిపి చూడాలన్న వంకతో, మోచెయ్యి కిటికీ మీద ఆనించి, ఊరంతా ఒక చుట్టు ఎక్కువే తిప్పేవాడు. ఆ కాసేపూ బండి తనదే. సర్వేయరు గారు అమ్మదలిస్తే ముందు తననే పిలుస్తారని ఆయన నమ్మకం. నోరు విప్పి అడిగితే ఏమనేవారో గానీ, అడగడానికి మేస్త్రికి నామోషీ. పిలిచి ఇవ్వాలి, తను కాస్త బెట్టు చేసి తీసుకోవాలి. ఈ ముచ్చట భార్యకి కూడా చెప్పలేదు.

ఒక పొద్దున తోడల్లుడు మేస్త్రి రిపేరు షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా, సర్వేయరు గారు మోకాళ్ల నొప్పులతో జీపు ఎక్కలేకపోతున్నారట. అమ్మేస్తారట. కొండమీది తోటలకి మొక్కలు చేరవెయ్యాలి, వానపడితే నా వ్యాను ఎక్కి చావదు. మీరు చూసి ఊ అంటే తీసుకుంటా. మీరు వద్దంటే దాని మొహం కూడా చూడను."

మేస్త్రి చేతిలోని స్పానరు నట్టు మీంచి జారి వేలికి కొట్టుకుంది. ఆ నొప్పి నయం. ఇన్నాళ్లూ గుడ్డపెట్టి తుడిచింది ఇతగాడి మొక్కల కుండీల కోసమా? పైగా మంచిదో కాదో తేల్చి, తన చేత్తోనే అప్పజెప్పాలా? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. సాయంత్రానికి మరదలు అక్కకి ఫోను కూడా చేసింది. "సీటు అంత ఎత్తుట అక్కా, ఎలా ఎక్కాలో ఏమిటో!" అని ఆ పిల్ల పడిన సంబరం పక్కగదిలోకి వినిపించింది. మేస్త్రి లేచి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ సర్వేయరు గారింటికి వెళ్లారు. పాత డీజిల్ బండి కొనేటప్పుడు ముందు బానెట్ మీద అరచెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచాడని, చల్లటి ఇంజన్ మొరాయిస్తుందని అర్థం. ఇది రాయిలా చల్లగా ఉంది. తాళం తిప్పగానే అందుకుంది. కాస్త తెల్లటి పొగ వచ్చి ఆగిపోయింది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీశాడు. అరిగిన ఇంజనైతే అక్కడ బుసబుసమని ఆవిరి తంతుంది. ఇక్కడ ఏమీ లేదు. బండి ఒక్కో పరీక్ష నెగ్గుతుంటే మేస్త్రి కడుపు ఒక్కో అంగుళం మండింది.

"బాగుందా అన్నయ్యా?"

"ఆగు. అసలుది చూడలేదింకా" అని మేస్త్రి సీట్లోకెక్కి, పెద్ద గేరు పక్కనున్న చిన్న లివర్ని ముందుకి తోశాడు.

ఆ లివర్ ముందు చక్రాల్నీ వెనక చక్రాల్నీ ఒకదానికొకటి కట్టేస్తుంది. బురదలో, ఇసకలో అది ప్రాణం నిలబెడుతుంది. గట్టి నేల మీద మాత్రం వెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. కట్టేస్తే ఆ తేడా పోయే దారిలేక బండి బిగుసుకుపోతుంది. ఇది మేస్త్రికి తన వేళ్లంత బాగా తెలుసు. తెలిసే ఆ సిమెంటు వాకిట్లో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి విరిచి బండిని గుండ్రంగా తిప్పాడు. టైర్లు కీచుమన్నాయి, బండి గుంజుకుంటూ తలకాయ ఊపింది, అడుగున ఏదో టక్కుమంది.

"విన్నావా? ఫోర్‌వీల్ గేరుబాక్స్ అయిపోయింది. కొన్నావంటే తెల్ల ఏనుగే."

తోడల్లుడి మొహం వాడిపోయింది. మేస్త్రికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, అనిపించింది. ఆ హాయి కూడా నిలవలేదు. ఇంట్లోంచి సర్వేయరు గారు కర్ర తాటించుకుంటూ వచ్చి "ఏమంటాడు మా మేస్త్రి?" అన్నారు.

"గేరుబాక్స్ పోయిందట సార్" అన్నాడు తోడల్లుడు అమాయకంగా.

సర్వేయరు గారు మేస్త్రి వైపు చూశారు. "కిందటి సర్వీసులో దాని ఆయిలు మార్చింది నువ్వే కదయ్యా? అప్పుడేమీ చెప్పలేదే."

మేస్త్రి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. బండిని ఎంత తిడితే పదేళ్ల తన పనిని అంత తిట్టుకున్నట్టే. "అప్పటికి... బాగానే ఉందండీ" అని గొణిగాడు. సర్వేయరు గారు రెట్టించలేదు. "ఇంకొకరికి కూడా చూపించుకో బాబూ" అని లోపలికి వెళ్లిపోయారు.

తోడల్లుడు బండిని పెట్రోలు బంకు అవతల ఎవరో కొత్తగా పెట్టిన షెడ్డులో చూపించాడు. "ఎవరు చూసుకున్నారో గానీ, కన్నబిడ్డలా సాకారు. కళ్లు మూసుకుని కొనండి" అన్నాడట అక్కడివాడు. కొనేశాడు. సర్వేయరు గారు తాళం ఇస్తూ "మిగతా విషయాలు మీ అన్నయ్య చెప్తాడులే" అని ఊరుకున్నారట. అన్నయ్య ఏమీ చెప్పలేదు.

అయినా మొదటి సర్వీసుకి తోడల్లుడు బండిని మేస్త్రి దగ్గరికే తెచ్చాడు. "పెద్దవాళ్లన్నాక ఒకసారి పొరబడతారు, దానికేం అన్నయ్యా! మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దీనిమీద పడనివ్వను" అన్నాడు. మేస్త్రి ఇంజనాయిల్ మార్చాడు, డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలాడు, షాఫ్టు కీళ్లకి గ్రీజు పట్టించాడు, మెత్తటి గుడ్డ తీసి తుడిచాడు. తుడుస్తూ, బండి వాడిదైతేనేం, నాలుగు నెలలకోసారి రోజంతా నాదేగా అనుకున్నాడు. కుళ్లు పోలేదు గానీ, దానికి నిలబడ్డానికి కాస్త చోటు దొరికింది.

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం వీధి మలుపులో టైర్లు కీచుమన్నాయి. మేస్త్రి తలెత్తేసరికి అదే బండి, తల ఊపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. పక్క సీట్లో మరదలు కూడా ఉంది.

"అన్నయ్యా, మీ మాటే నిజమైంది!" అంటూ తోడల్లుడు దిగాడు. "వారం నుంచి నాలుగు చక్రాలూ వేసే నడుపుతున్నా. రెంటితో నడపడానికా ఇంత బండి కొన్నది? అంతకుముందు బాగానే ఉండేది, ఇప్పుడు మలుపులో గుంజేస్తోంది. ఆ రోజు మీరన్న జబ్బే ఇది. ఆ కొత్త షెడ్డువాడికి ఏం తెలుసు? మీరు వద్దన్నప్పుడే వినాల్సింది. ఇక అమ్మి పారేస్తా."

అడక్కుండానే అన్నీ కాళ్ల దగ్గరికొచ్చి పడ్డాయి. ఊరుకుంటే చాలు. తన మాటే నెగ్గుతుంది, అత్తగారు నోరు మూసుకుంటుంది, ఇంకో వారంలో గేరుబాక్స్ నిజంగానే పోతుంది, పోయిన బండిని తనే చవగ్గా తీసుకోవచ్చు. ఎదుటివాడి చేతిలో ఉన్నది తన చేతిలోకొచ్చే దారి ఇంత నున్నగా ఎప్పుడూ కనబడలేదు. మేస్త్రి బండి కింద అరచెయ్యి పెట్టి చూశాడు. గేరుబాక్స్ పెనంలా కాలుతోంది. ఆ వేడి ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"లివర్ వెనక్కి లాగు. ముందు లాగు నువ్వు! గట్టి రోడ్డు మీద అది వెయ్యకూడదు. వేస్తే ఏ బండైనా గుంజుతుంది."

తోడల్లుడు మళ్లీ సీట్లోకెక్కి, లివర్ మీద చెయ్యి వేసి ఆగాడు. "ఏ బండైనానా?"

"ఏ బండైనా."

"మరి ఆ రోజు సర్వేయరు గారి వాకిట్లో..."

"వేసే తిప్పాను. నేనే వేశాను."

"ఎందుకు బావా?" అంది మరదలు.

"వీడికి దక్కకూడదని."

తోడల్లుడు లివర్ వెనక్కి లాగి, మేస్త్రి చెయ్యి చూపించినట్టే బండిని కాస్త వెనక్కి పోనిచ్చాడు. అడుగున టక్కుమని బిగువు వదిలింది. మొహంలో నవ్వు లేకపోతే ఆ మనిషి ఎలా ఉంటాడో మేస్త్రి మొదటిసారి చూశాడు. "వెళ్లొస్తా అన్నయ్యా" అన్నాడు. రాలేదు.

ఇప్పుడు బండి సర్వీసుకి కొత్త షెడ్డుకే వెళ్తుంది. దారి మాత్రం మేస్త్రి వీధిలోంచే. అది వస్తోందంటే చప్పుడుబట్టి ఆయనకి దూరం నుంచే తెలుస్తుంది. చేతిలో పని ఆపి, అది మలుపు తిరిగేదాకా వింటాడు. టైర్లు కీచుమనవు. గేర్లు మెత్తగా పడతాయి. అక్కడివాడు బాగానే చూసుకుంటున్నాడు, దొంగవెధవ, అనుకుంటాడు మేస్త్రి.