కెమెరాకి అంతా కనబడుతుంది

సోమవారం మా ఆయన కంపెనీ పని మీద వేరే రాష్ట్రంలో ఉన్న ప్లాంట్‌కి వెళ్తున్నాడు. వారం రోజుల పని. ఆ వారం మా పాప ఇక్కడ నోవైలో నా దగ్గర ఉంటుందా, ట్రాయ్‌లో వాళ్ల మేనత్త ఇంట్లో ఉంటుందా అన్నది ఇవాళ మధ్యాహ్నం దాకా మా ఇంట్లో తేలలేదు. పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు. పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా నన్ను విడిచి పడుకోలేదు. ఇప్పుడు నా పక్కనే పడుకుని ఉంది. దాని ఊపిరి వింటూ ఇది రాస్తున్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫుట్‌బాల్‌తో మొదలుపెడుతున్నాను. ఇక్కడివాళ్లు హెల్మెట్లు పెట్టుకుని ఆడే ఫుట్‌బాల్.

పెళ్లయి ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం నాకు డ్రైవింగ్ రాదు, స్నేహితులు లేరు, కిటికీ తెరిస్తే మంచు. ఆదివారాలు ఒకే దుప్పటి కప్పుకుని సోఫాలో కూర్చుని మా ఆయన నాకు ఈ ఆట నేర్పాడు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడి చేతికి బంతి వస్తుంది, ముందుకు పరిగెత్తే తన జట్టువాళ్లలో ఒకడికి దాన్ని విసరాలి. అంతే అనుకున్నాను.

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి వేస్తే సరిపోతుంది కదా?" అన్నాను.

నవ్వాడు. "అందరూ అలాగే అనుకుంటారు. ముందు ఎవరిని చూడాలో, తర్వాత ఎవరిని చూడాలో ఆట మొదలవకముందే చెప్పేస్తారు వాడికి. మొదటివాడి చుట్టూ మనుషులున్నారనుకో, రెండోవాడి వైపు చూస్తాడు. అక్కడా కుదరకపోతే మూడోవాడు. ఈలోపు దున్నపోతుల్లాంటి వాళ్లు నలుగురు మీదకొస్తుంటారు. మొదటివాడి మీద నుంచి వీడు కళ్లు తిప్పేశాక వాడు ఖాళీ అయితే ఏం లాభం? మనకి కెమెరా పైన ఉంది కాబట్టి మైదానమంతా కనబడుతుంది. వాడికి కనబడేవి వీపులూ చేతులూ."

ఇంత న్యాయంగా ఆలోచించే మనిషి దొరికాడని ఆ రోజు లోలోపల పొంగిపోయాను.

స్నేహితులు చేరితే మాత్రం మా ఆయనకి ఈ పాఠం గుర్తుండేది కాదు. బేస్‌మెంట్‌లో బిర్యానీ ట్రేలు తెరిచాక అందరికీ క్వార్టర్‌బ్యాక్ లోకువ.

"ఎడమ దిక్కు ఒక్కడే నిలబడ్డడు గదా అన్నా! కండ్లు లేవా వీనికి?" అనేవాడు వరంగల్ స్నేహితుడు.

"కళ్లున్నాయి, బుర్రే లేదు," అనేవాడు మా ఆయన.

"మా అమ్మమ్మ ఏస్తది ఆ బాల్!"

"మీ అమ్మమ్మని తీసుకురా, నువ్వు ఫోన్‌లో ఎంచుకున్న ఫాంటసీ టీమ్‌లో వాళ్లకంటే నయం."

రీప్లే వచ్చేది. టీవీవాళ్లు బొమ్మ ఆపి, ఖాళీగా ఉన్నవాడి చుట్టూ పసుపుపచ్చ వలయం గీసేవాళ్లు. దాంతో వీళ్ల కోపం రెట్టింపయ్యేది. ఒకసారి నేను, "వాడు అటు చూసే టైమ్‌కి అతను ఖాళీగా లేడేమో," అన్నాను. "నేను నేర్పిన ఆట నాకే నేర్పుతున్నావా?" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ జనవరిలో ఒక ఆదివారం మా ఆయన స్నేహితుడి ఇంటికి ఆట చూడడానికి వెళ్లాడు. పాపకి పొద్దుటి నుంచి జ్వరం. మందు వేశాను, కాస్త తగ్గింది, నువ్వు వెళ్లు పర్వాలేదని నేనే పంపాను. సాయంత్రం సింక్ దగ్గర దాని పాల కప్పు కడుగుతుంటే వెనకనుంచి ఏదో చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే పాప చాప మీద కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. కళ్లు పైకి తేలిపోయాయి. చేతులు కొట్టుకుంటున్నాయి. జ్వరం ఒక్కసారిగా పెరిగితే కొంతమంది పసిపిల్లలకి ఇలా ఫిట్స్ వస్తాయని, చూడ్డానికి భయంకరంగా ఉన్నా సాధారణంగా ఏ హానీ ఉండదని తర్వాత డాక్టర్ చెప్పింది. ఆ క్షణంలో నాకు తెలిసింది ఒక్కటే, నా పాప చచ్చిపోతోంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. అక్కడ స్నేహితుడి బేస్‌మెంట్‌లో ఆట చివరికొచ్చింది, ఫోన్లన్నీ పైన వంటింట్లో ఉన్నాయి. అంబులెన్స్ నంబర్ నైన్ వన్ వన్ గుర్తుకొచ్చింది. దానితోపాటే అంతకుముందు వారం మా వీధి చివర పెద్దాయన కోసం వచ్చిన అంబులెన్స్ గుర్తుకొచ్చింది. అది మంచులో దిగబడి చక్రాలు తిరుగుతూ ఉండిపోవడం మా కిటికీలోంచే చూశాను. పాపని ఎప్పుడూ చూపించే అర్జెంట్ కేర్ క్లినిక్ మెయిన్ రోడ్డు మలుపులోనే ఉంది. దుప్పటిలో చుట్టి గరాజ్‌లోకి పరిగెత్తాను. కార్ సీట్ బెల్ట్ పెట్టేసరికి కొట్టుకోవడం ఆగి, పాప ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ డ్రైవ్ చేశాను. అక్కడికి వెళ్తే లైట్లు లేవు. ఆదివారం తొందరగా మూసేశారు. ఆ చీకటి పార్కింగ్‌లో అప్పుడు నైన్ వన్ వన్‌కి చేశాను. వాళ్లు వెంటనే వచ్చారు.

మా ఆయన జెర్సీతోనే హాస్పిటల్‌కి పరిగెత్తుకొచ్చి మా ఇద్దరినీ పట్టుకుని ఏడ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు.

ఇంటికొచ్చిన తర్వాత కెమెరా రికార్డింగ్ తీశాడు.

మా హాల్లో సీలింగ్ మూలలో, వంటింటి సింక్ దాకా కనబడేలా, ఒక కెమెరా ఉంటుంది. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో చాలామందికి ఉంటుంది. ఇండియాలో తెల్లారగానే అత్తయ్య, మా అమ్మ ఫోన్‌లో పాప ఆడుకోవడం చూసుకోవాలని పెట్టించాం. అది చూపించడమే కాదు, అంతా రికార్డు చేసి దాచిపెడుతుంది కూడా.

"ఇదిగో, ఇక్కడ చూడు," అన్నాడు, ఫోన్ మీద వేలితో ఆపి. "పాప చెయ్యి బిగుసుకుంది. నువ్వు అటు తిరిగి ఉన్నావు." కాస్త ముందుకు జరిపాడు. "ఇక్కడ ఫోన్ నీ చేతిలోనే ఉంది. నాకెందుకు చేశావు? నైన్ వన్ వన్ ఖాళీగానే ఉంది కదా?"

"అంబులెన్స్ మంచులో ఇరుక్కుంటుందేమోనని..."

"ఆ రోజు ప్లౌ వచ్చి మంచు తీసేసి వెళ్లింది. అదిగో, కిటికీలోంచి రోడ్డు నల్లగా కనబడట్లా?"

నిజమే. వీడియో అంచున కిటికీ ఉంది. కిటికీలో వీధిదీపం కింద రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది. నేను కిటికీకి వీపు పెట్టి పాప మీదకి వంగి ఉన్నాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. తప్పు ఎక్కడుందో దొరికితే మళ్లీ అలా జరగదని అతని ఆశ. ట్రాయ్‌లో ఉన్న వాళ్లక్కని, అంటే మా వదినని, సలహా అడగడానికి వీడియో ఆమెకి పంపాడు. ఆమె ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. ఇక ఫోన్లు.

"నిన్నేమీ అనట్లేదమ్మా," అంది వదిన. "కానీ పక్కకి తిప్పి పడుకోబెట్టాలన్నది అందరికీ తెలిసిందే కదా. కార్‌లో వెళ్తుంటే మళ్లీ వచ్చి ఉంటే ఏం చేసేదానివి?"

"ఆ టైమ్‌లో నేను ఫోన్ చూస్తూ ఉంటే అరిచి చెప్పేదాన్ని," అన్నారు అత్తయ్య.

మా అమ్మ ఊరుకుంటుందనుకున్నాను. "తిరిగి చూడవే, తిరిగి చూడవే అని ఆ వీడియోని పట్టుకుని అరిచానే," అని ఏడ్చింది.

మొన్న ఆదివారం ఇంట్లోనే ఆట చూస్తున్నాడు మా ఆయన. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని అటూ ఇటూ చూస్తూ ఉండగానే వెనకనుంచి వచ్చి పడేశారు. లేవలేదు. "ఎదురుగానే ఉన్నాడు కదరా! ముందే వేసేయాల్సింది!" అని అరిచాడు.

"పాపని వదిన దగ్గరకి పంపుతున్నావా?" అని అడిగాను.

టీవీ మ్యూట్ చేశాడు. "వారమే కదా. నీకూ రెస్ట్."

"నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం గురించి కాదు. మళ్లీ అలాంటిది వస్తే నువ్వు..." అని ఆపేశాడు. టీవీలో రీప్లే చప్పుడు లేకుండా నడుస్తోంది. పైనుంచి. పసుపుపచ్చ వలయంతో.

"నువ్వే చెప్పావు కదా, వాడికి పైనుంచి కనబడదని," అన్నాను.

అర్థమైంది అతనికి. "అది ఆట," అన్నాడు.

నువ్వే తేల్చుకో అని మాత్రం తర్వాత అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఆ వీడియో మొదటిసారి ఒంటరిగా చూశాను. నాకు వేరే దారి లేని చోటు అందులో ఎక్కడో ఒకచోట దొరుకుతుందని, అది ఆపి అందరికీ చూపించవచ్చని అనుకున్నాను. సింక్ దగ్గర ఒక ఆడమనిషి, జుట్టు పైకెత్తి క్లిప్ పెట్టుకుని, ఏదో కడుగుతోంది. ఎంత నెమ్మదిగా కడుగుతోందో. వెనక చాప మీద పాప చెయ్యి బిగుసుకుంటోంది.

"తిరుగు," అన్నాను పైకే. "వెనక్కి తిరుగు."

ఆమె తిరిగింది. ఫోన్ తీసింది. మా ఆయన నంబర్ నొక్కుతోందని నాకు తెలుసు. "అది కాదు," అన్నాను. "అది కాదు, రోడ్డు చూడు." మళ్లీ మొదటి నుంచి పెట్టాను. మళ్లీ అలాగే చేసింది.

ఆ సాయంత్రం కింది నుంచి నేను చూసింది ఒకటి ఉండేది. పాప పెదవులు, దాని మెడ కింద నా చెయ్యి, దాని ఒంటి వేడి. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అవి రావడం లేదు. నా నడినెత్తి, దాని మీద క్లిప్ కనబడుతున్నాయి.

పాప లేవకముందే వదినకి ఫోన్ చేశాను. సోమవారం పొద్దున వచ్చి తీసుకెళ్లమన్నాను. జ్వరం మందు, దాని పాల కప్పు, ఆ రోజు చుట్టిన దుప్పటి బ్యాగ్‌లో పెడతానని చెప్పాను.

"మంచి డెసిషన్ తీసుకున్నావమ్మా," అంది వదిన.