ఎడం అన్న మాటకి నేను చెప్పిన ఇంగ్లీషు

ఒక ఇంగ్లీషు మాట ఇన్నేళ్ళుగా నా నాలిక కింద రాయిలా ఉండిపోయింది. ఉమ్మలేదు, మింగలేదు. ఎవరికైనా చెబుదామనుకున్న ప్రతిసారీ ముందు ఎదుటివాళ్ళ తప్పులే గుర్తొచ్చాయి. ఈరోజూ వాటితోనే మొదలుపెడతానేమో, కాస్త ఓపిక పట్టండి.

నేను మర్చిపోయే మనిషిని కాదు. పెంటపాడులో ఒక పెళ్ళి బంతిలో, నా పక్కవాడి దాకా అప్పడాలు వేసి నన్ను దాటి వెళ్ళిపోయినవాడి ముఖం నాకింకా గుర్తే. ఏలూరు కరెంటాఫీసులో నన్ను చూడగానే కుర్చీ వేస్తారు. గౌరవంతో కాదు, ఫిర్యాదు పెడతానన్న భయంతో. గొప్పకి చెప్పడం లేదు. ఇలాంటివాణ్ణి నమ్మి ఎవరైనా సాయం అడిగితే ఏమవుతుందో చెప్పడానికి చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. సిమెంటు, ఇనుము కొట్టు. ఇంగ్లీషు మీడియంలో చదివి ఆర్కిటెక్చర్‌లో చేరాను. కైకలూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి నా క్లాసులో ఉండేది. పేరు మార్చి సువార్త అంటాను. ఊరికి అవతల, చర్చి చుట్టూ ఉన్న పేట వాళ్ళది. తెలుగు మీడియం. ఆమె గీస్తుంటే మేమంతా పని ఆపి చూసేవాళ్ళం.

మా డిజైను మాస్టారిది ఒకటే పద్ధతి. ముందే భవనం గీయకూడదు. ముందు ఒక మాట పట్టుకోవాలి, చేత్తో ముట్టుకోలేని మాట. ఆ మాటలోంచి గీత రావాలి, గీతలోంచి ఆకారం, ఆకారంలోంచి గదులు, మెట్లు, కిటికీలు. మొదటిసారి నేను పట్టుకున్న మాట ఫ్లో. అట్టముక్కల్ని వంపులు తిప్పి నమూనా చేసి క్లాసు ముందు పెట్టాను. సువార్త వంగి చూసింది. మహా మర్యాదగా అడిగింది.

"ఏవండీ ఫ్లో గారూ, తమరి ప్రవాహం బాగానే ఉందండీ. బాత్రూముకి ఎటు కొట్టుకుపోవాలండీ?"

క్లాసంతా పడీపడీ నవ్వింది. మాస్టారూ నవ్వారు. నిజమే, నేను బాత్రూము పెట్టడం మర్చిపోయాను. ఆ రోజు నుంచి అందరికీ నేను ఫ్లో గారినే. అందరూ అన్నారు. కానీ నేను లెక్కలో పెట్టుకున్నది ఆమెనొక్కదాన్నే.

మూడో ఏడు మాకిచ్చిన పని, కొల్లేరు పొంగినప్పుడు లంక ఊళ్ళ జనం తలదాచుకునే భవనం. నేను మొండిగా మళ్ళీ ఫ్లోనే పట్టుకున్నాను. సువార్త సెలవు దొరికితే కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి గూడబాతుల్ని చూస్తూ కూర్చునేది. చెట్ల నిండా గూళ్ళు. అంత దగ్గరగా ఉండి ఎందుకు పొడుచుకోవని ఆమెకి అనుమానం. పక్క పిట్ట ముక్కు అందనంత దూరంలో గూడు కట్టుకుంటాయని, అంతకు మించి జరగవని కనిపెట్టింది. ఆమె పట్టుకొచ్చిన మాట ఎడం.

చిన్నప్పుడు ముంపు వచ్చి వాళ్ళ పేటంతా స్కూల్లో తలదాచుకుందట. అందరూ ఒకే గదిలో. బట్ట మార్చుకోవాలంటే వాళ్ళమ్మ కొంగు అడ్డం పట్టేదట. ఆమె ట్రేసింగ్ కాగితం మీద చింతగింజలు పోసి, ఒక్కొక్కటీ వేలితో కాస్త జరిపి, మళ్ళీ దగ్గరికి తెచ్చి, వాటి చుట్టూ గీసేది. అలా గీయగా గీయగా ఒక హాలు వచ్చింది. పైన ఒకే కప్పు. లోపల గోడల్లేవు. నేలే ఎత్తుపల్లాలుగా అరుగులైంది, ఇంటికొక అరుగు. కూర్చుంటే పక్కవాళ్ళు కనబడరు. లేచి నిలబడితే ఊరంతా కనబడుతుంది.

నాకు ఏడుపొచ్చింది. మెచ్చుకోలుతోనా, అసూయతోనా? ఆ రెండూ నాలో ఎప్పుడూ వేరుగా లేవు.

బయటి నుంచి పెద్దలొచ్చి మా డిజైన్లు చూసి మార్కులు వేసే రోజుని జ్యూరీ అంటారు. దానికి ముందురోజు మధ్యాహ్నం ఆమె షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. జ్యూరీకి వచ్చేవాళ్ళకి తెలుగు రాదు. పైన పేరు ఇంగ్లీషులో ఉండాలి.

"ఎడం అంటే ఇంగ్లీషులో ఏం రాయను?"

"గ్యాప్ అని రాసెయ్."

"ఛ, అది ఊడిన పన్ను సందులా ఉంటుంది. ఎడమంటే కావాలని ఉంచుకునేది. నీకు పెద్ద పెద్ద మాటలొచ్చుగా, చెప్పండి ఫ్లో గారూ."

ఆ చివరి రెండు మాటలూ అనకపోతే నేను మంచి మాటే చెప్పేవాణ్ణా? ఇన్నేళ్ళూ అలాగే నమ్ముకున్నాను. ఇప్పుడు నమ్మకం లేదు.

"సెగ్రిగేషన్," అన్నాను.

"చెత్త బండి మీద ఉంటుందే, తడి చెత్తా పొడి చెత్తా, అదా?"

"అదే. దేనికది విడిగా ఉంచడం. బిల్డింగుకి వాడితే బరువుగా ఉంటుంది."

"స్పెల్లింగ్ చెప్పు, నీకు పుణ్యముంటుంది."

అక్షరం అక్షరం చెప్పాను. ఆమె నల్ల సిరాతో, అందంగా, పెద్దగా రాసుకుంది.

మనుషుల విషయంలో ఆ మాటకి అర్థం వేరు. రంగు పేరుతో, పుట్టుక పేరుతో జనాన్ని దూరం పెట్టడం. ఆమె ఎడం అంది. నేను వెలి అని రాయించాను. ఊరవతల పేటలో పుట్టిన పిల్ల చేత.

మర్నాడు జ్యూరీకి వచ్చిన పెద్దాయన షీటు పైభాగం చూసి ఆగిపోయారు, కిందికి చూడలేదు. బాధితుల్ని కూడా విడదీసే భవనం గీయడానికి సిగ్గులేదా అని ఇంగ్లీషులో గట్టిగా అడిగారు. సువార్తకి ప్రశ్న అర్థమైంది, జవాబుకి ఇంగ్లీషు దొరకలేదు. "అసలు గోడలే లేవండీ," అని తెలుగులో అంది. రెండుసార్లు అంది. మా మాస్టారు పక్క గదిలో ఇంకో జ్యూరీలో ఉన్నారు. తప్పు నాది, ఆ మాట నేను చెప్పానని లేచి అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను వంగి నా షీటుకి పిన్ను గుచ్చుకుంటూ ఉండిపోయాను.

బయటికొచ్చాక అడిగింది. "ఆ మాటకి అలాంటి అర్థం ఉందని నీకు తెలుసా?"

"నాకూ తెలీదు."

"పోన్లే. తెలీని మాట రాసుకున్న తప్పు నాదే."

ఆమెని ఫెయిల్ చేశారు. ఏడాది వెనకబడింది. తర్వాత ఎప్పుడూ తెలుగు మాట పట్టుకోలేదు, ఆటపాక వెళ్ళలేదు. లైట్, స్పేస్ అంటూ ఎవరూ తప్పు పట్టని మాటలతో, ఎవరూ ఆగి చూడని భవనాలు గీసి పాసైంది. నేను ఫ్లోతోనే గట్టెక్కాను.

ఈమధ్య ఏలూరు బస్టాండులో ఎదురుపడింది. ఒక ఇంజనీరు ఆఫీసులో మునిసిపాలిటీ అనుమతులకి ప్లాన్లు గీస్తోందట. వద్దన్నా వినకుండా టీ ఇప్పించింది. "నేను ఇంగ్లీషుకి భయపడి చచ్చే రోజుల్లో నువ్వొక్కడివే కూర్చుని చెప్పేవాడివి," అంది. నేను ఆ టీ తాగాను. ఫ్లో గారు అనేదానివి గుర్తుందా అని అడిగాను. తెల్లబోయింది. "నేనన్నానా? అయ్యో, ఏమీ అనుకోకు. అస్సలు గుర్తు లేదు."

అప్పుడు నాకు కోపమొచ్చింది, నమ్ముతారా? నేను ఇన్నేళ్ళు మోసిన అవమానం అన్నవాళ్ళకే గుర్తు లేకపోవడమేమిటని. ఆ కోపం బస్సెక్కే దాకా ఉంది. గూడెం వచ్చేసరికి అది పోయి, నేను చేసింది మాత్రం మిగిలింది.

ఎదురుగా ఉండగా ఎందుకు చెప్పలేదు? ఆమె నా గురించి దాచుకున్న ఒక్క మంచి మాటా పోతుందనా? అదీ నా స్వార్థమే. ఇక్కడ రాసినంత మాత్రాన ఆ హాలు లేవదు. కొల్లేరు పొంగితే స్కూలు గదుల్లో కొంగులు అడ్డం పట్టుకోక తప్పదు. ఆమె ఇది చదువుతుందో లేదో కూడా నాకు తెలీదు. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకి ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇన్నాళ్ళకి బయటికొస్తోంది.

తెలుసు సువార్తా. ఆ మాటకి అర్థం నాకు తెలుసు.