జురాంగ్ వెస్ట్‌లో ఎర్రబస్సు

గుడివాడలో కుర్రాడిగా ఉన్న రోజుల్లో సాంబమూర్తి గారు వినాయక చవితి పందిళ్ళలో మిమిక్రీ చేసేవారు. రైలు కూత, కుక్కల కొట్లాట, తాలూకా ఆఫీసు గుమస్తా దగ్గు, అన్నీ ఆయన గొంతులోనే ఉండేవి. 1978లో సింగపూరు వచ్చి, ఓడలు బాగుచేసే యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. ఇరవై రెండేళ్ళు ఆయన ఓడల బొమ్మలు గీశారు. గొంతు వాడింది భార్య హైమావతి గారిని కాఫీ అడగడానికే.

2000 నాటికి కంప్యూటర్ ఉద్యోగాలకని తెలుగు కుర్రకారు విమానాల నిండా దిగిపోయారు. జురాంగ్ వెస్ట్‌లో సాంబమూర్తి గారి పై అంతస్తులో ఉండే నందిత కూడా అలా వచ్చినమ్మాయే. ఆ యేడు ఉగాది వేడుక బాధ్యత ఆమెది.

"అంకుల్, మీరు మిమిక్రీ చేసేవారట, ఆంటీ చెప్పారు. ఉగాదికి ఒక పది నిమిషాలు చేసిపెట్టండి. డాన్స్ పిల్లలు డ్రెస్ మార్చుకోవడానికి టైం కావాలి," అంది లిఫ్టులో.

ఆ చివరి మాట సాంబమూర్తి గారు వినిపించుకోలేదు.

మర్నాటి నుంచి సింగపూరు ఎండలో మెడకు మఫ్లర్ చుట్టారు. మిరియాల నీళ్ళు తాగారు. స్నానాలగదిలో బస్సు ఇంజను సాధన చేస్తుంటే పక్క ఫ్లాటు చైనా ఆవిడ తలుపు తట్టింది.

"అంకుల్, వాషింగ్ మెషీన్ స్పాయిల్ ఆ? మై సన్ కెన్ రిపేర్ లా."

సాంబమూర్తి గారు మురిసిపోయారు. "చూశావా, మోటారని గుర్తుపట్టింది," అన్నారు భార్యతో.

చివరి రెండు రోజులు గొంతు కాపాడుకోవడానికి మౌనం పాటించి, కావలసినవి చీటీల మీద రాసిచ్చారు. "ఉగాది నెలకోసారి వస్తే ఎంత బాగుండునో," అని హైమావతి గారు ఫోనులో చెల్లెలితో అన్నారు. స్టేజీ మీద బోసినోరు బాగుండదని ముందు వరుసకు కట్టుడు పళ్ళు పెట్టించింది కూడా ఆవిడే.

ఆదివారం హాలు నిండింది. సాంబమూర్తి గారు రైలు కూతతో మొదలుపెట్టారు. కొత్త పళ్ళ సందుల్లోంచి గాలి ఎటో పోయి, ఏదో చప్పుడు వచ్చింది.

"మమ్మీ, దట్ వన్ కుక్కర్ లా," అన్నాడు ముందు వరుసలో ఒక పిల్లాడు. హాలంతా నవ్వింది. ఆయన కోరుకున్న నవ్వు అది కాదు. కుక్కల కొట్లాటకు ఆ నవ్వు కూడా రాలేదు. తెర పక్కన డాన్స్ పిల్లలు అప్పుడే తయారైపోయి నిలబడ్డారు. నందిత వాచీ చూపించింది.

ఆయన వెనక్కి తిరిగి పళ్ళు తీసి, రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నారు. మళ్ళీ మైకు ముందుకొచ్చారు.

"మన్నించాలి. ఇవి నిన్ననే వచ్చాయి. వీటికింకా తెలుగు రాదు."

ఈసారి నవ్వు ఆయనదే. అది తగ్గకముందే హాలునంతటినీ ఎర్రబస్సు ఎక్కించారు. మూడుసార్లు మొరాయించిన ఇంజను, జనం తోయడం, కండక్టర్ విజిల్, ఆపైన బస్టాండు మైకు గరగర. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నూజివీడు వెళ్ళవలసిన బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద..."

"అంకుల్, మదనపల్లె," అని వెనక నుంచి ఎవరో అరిచారు. మదనపల్లె బస్సు బయలుదేరింది. తర్వాత జగిత్యాల, జగ్గయ్యపేట. ఏడాదిన్నరగా ఊరి మొహం చూడనివాళ్ళు లేచి నిలబడి మరీ తమ ఊరి పేరు చెప్పారు. పది నిమిషాలు నలభై అయ్యాయి. డాన్స్ పిల్లలు గజ్జెలతోనే స్టేజీ అంచున చతికిలపడ్డారు.

మూడు వారాల క్రితమే వచ్చి, ఇంకా ఎవరితోనూ కలవని నిఖిల అనే అమ్మాయి మెల్లగా అడిగింది. "పార్వతీపురం బస్సుందా అంకుల్?"

ఆయన ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. మైకు దగ్గరికి లాక్కున్నారు.

"పార్వతీపురం బస్సు సిద్ధంగా ఉన్నది. ఒక్క సీటే మిగిలింది. కిటికీ పక్కది."

ఆ పిల్ల నవ్వుతూనే చున్నీతో కళ్ళు తుడుచుకుంది. పక్కన కూర్చున్నావిడ ఆమె ఊరూ పేరూ అడగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పుట్టినరోజైనా, గృహప్రవేశమైనా సాంబమూర్తి గారికి పిలుపు తప్పడం లేదు. గొంతు బాగాలేదని ఒకసారి అంటారు, రెండోసారి పిలిచేదాకా ఆగి బయలుదేరతారు. ఈ మధ్య సింగపూరు మెట్రో స్టేషన్లో నాలుగు భాషల్లో వచ్చే రైలు ప్రకటన నేర్చుకుంటున్నారు. ప్లాట్‌ఫారం మీద తల వాల్చి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఉంటారు. హైమావతి గారు నాలుగడుగుల దూరంలో, ఆయనెవరో తెలియనట్టు నిలబడతారు.