నలభై రెండు కిలోల సాక్ష్యం

పోషకాహార మాసం ర్యాలీకి ముగ్గు వేసింది పెర్సిస్. మునగాకు, రాగిపిండి, గుడ్లు, కొల్లేటి చిన్నచేపలు బల్ల మీద పేర్చి, ఒక్కోదాని పక్కన దాని గుణం రాసిన అట్టముక్క నిలబెట్టింది కూడా ఆమే. కొల్లేరు అంచున ఉన్న ఆ ఆరోగ్య కేంద్రంలో పదహారేళ్ళుగా ఏఎన్‌ఎం, ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సు. బ్యానరు పట్టుకోవడానికి ముందుకు వెళ్ళబోతే డాక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"సిస్టరుగారూ, మీరు ఫొటో తియ్యండి. ఏవనుకోకండేం. సరైన తిండి గురించి మీరు బ్యానరు పట్టుకుంటే జనం నవ్వుతారు గదండీ."

"అలాగేనండీ" అంది పెర్సిస్. ఫోను అందుకుంది. వరసలో ఉన్నవాళ్ళని "కొంచెం దగ్గరికి జరగండి" అని సర్ది మూడు ఫొటోలు తీసింది. వాటిలో ఒకటి జిల్లా ఆఫీసుకి వెళ్ళింది. ముగ్గు వేసిన మనిషి మాత్రం అందులో లేదు.

మర్యాదకి మన వైపు పెట్టింది పేరు. ఎవర్ని అవమానించినా చివర ఒక "అండీ" తగిలించే అవమానిస్తాం.

అప్పటికి పెర్సిస్‌కి నలభై ఒక్కేళ్ళు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు నూట పద్దెనిమిది కిలోలు. చెవిపోటని ఏలూరులో ఒక డాక్టరు దగ్గరికి వెళితే "ముందు బరువు తగ్గండమ్మా" అన్నాడు. చెవికీ బరువుకీ ఏం సంబంధమో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. మోకాలికీ అదే మందు, చేతుల మీద దద్దుర్లకీ అదే మందు. ఇరుగుపొరుగు వైద్యులు సరేసరి. ఉలవల కషాయమని ఒకరు, పరగడుపున తేనె నిమ్మరసమని ఒకరు, డబ్బాల్లో పొడి అమ్మే వెల్‌నెస్ సెంటరు అన్నయ్య ఒకడు. అందరు చెప్పినవీ తాగింది. పొడితో తొమ్మిది కిలోలు తగ్గి, మానేశాక పదకొండు పెరిగింది. తగ్గిన తొమ్మిదీ పొడి గొప్పట, పెరిగిన పదకొండూ ఈమె నాలుక తప్పట.

పెళ్ళిలో రెండో గారె వద్దంటే "మా ఇంట్లో మొహమాటమేంటమ్మా" అని విస్తట్లో పడేసేది వీళ్ళే. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవగానే "ఎలా లాగించిందో చూశావా వదినా" అని మూతి తిప్పేదీ వీళ్ళే. తినకపోతే పొగరు, తింటే తిండిపోతు. ఈ రెండింటి మధ్యా ఆ మనిషి ఇరవయ్యేళ్ళు బతికింది.

ఇదంతా ఆమె భరించింది. భరించలేనిది ఒక బుధవారం జరిగింది. లంక గ్రామంలో పిల్లలకి టీకాల రోజు. పొద్దున పదకొండు. ఒక పసిపిల్ల తొడని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో సిరంజి ఎత్తి, అలాగే నిద్రలోకి జారిపోయింది పెర్సిస్.

"సిస్టరుగారూ! సూదండీ!" అని తల్లి కేక పెడితే కళ్ళు తెరిచింది. సూది పిల్ల మొహానికి బెత్తెడు దూరంలో ఉంది.

"పొద్దున్నే గట్టిగా దట్టించుంటారు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సిరంజి పక్కన పెట్టేసి, మిగతా పిల్లలకి వెంట వచ్చిన ఇంకో సిస్టరు చేత వేయించింది. ఆ పొద్దున ఆమె తిన్నది రెండు ఇడ్లీలు.

విజయవాడలో పరీక్షలు చేసిన సర్జను ఆ నిద్ర సంగతి విప్పి చెప్పాడు. "మీరు రాత్రుళ్ళు నిద్రపోతున్నాననుకుంటున్నారు గానీ పోవట్లేదమ్మా. గంటకి ముప్పై సార్లు ఊపిరి ఆగుతోంది. సుగరు కూడా మందులకి లొంగట్లేదు. మీకు బరువు తగ్గించే ఆపరేషన్ పనికొస్తుంది."

హైవే పక్క హోర్డింగుల మీద ఈ ఆపరేషన్‌ని ఆషాఢం చీరల్లా అమ్ముతున్నారు. ఎడమపక్క ఏడుపుమొహం, కుడిపక్క నవ్వుమొహం, కింద ఫోను నంబరు. ఈ సర్జను మటుకు అలా అమ్మలేదు. "పొట్టలో ముప్పాతిక భాగం తీసేస్తాం. తీసింది మళ్ళీ పెట్టలేం. జీవితాంతం విటమిన్లు వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి. నమలకుండా మింగితే కక్కుకుంటారు. ప్రమాదం తక్కువే, అసలు లేదని మాత్రం చెప్పను. ఆలోచించుకుని రండి" అన్నాడు.

భర్త క్రీస్తుదాసు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. గుండుగొలను దగ్గర వాళ్ళ ఇల్లు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వీధరుగు మీద కూర్చుని ఇద్దరూ తేల్చుకున్నారు.

"బాగున్న కడుపు కోయించుకోవడవేంటి పెర్సీ? నేనెప్పుడన్నా నిన్ను లావన్నానా?"

"మీరనలేదండీ. మీరు అనకపోతే నాకు ఊపిరాడద్దా? ఆ సూది పిల్ల కంట్లో దిగుంటే?"

"కొంచెం నోరు కట్టుకుంటే..."

"ఇరవయ్యేళ్ళు కట్టుకున్నాను. మీరొక్క వారం పెరుగన్నం మాని చూపించండి."

"పెరుగన్నం జోలికి రాకు" అన్నాడు క్రీస్తుదాసు.  చివరికి "సరే, నేను పక్కనుంటాను. కానీ ఎవరికీ చెప్పద్దు. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందంటారు. పిత్తాశయంలో రాళ్ళని చెబుదాం. దానికీ దీనికీ పొట్ట మీద బెజ్జాలు ఒకటే కదా?" అన్నాడు.

"ఒకలాగే ఉంటాయి" అంది పెర్సిస్. అబద్ధం అలా కుదిరింది.

జనవరి ఆఖరున ఆపరేషన్ జరిగింది. అయిదు వారాల తర్వాత మళ్ళీ చర్చికి వచ్చేసరికి ఈస్టరు ముందరి నలభై శ్రమదినాలు మొదలయ్యాయి. విశ్వాసులు ఉపవాసం పట్టే రోజులవి. ఆదివారాలు ఉపవాసానికి సెలవు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందులో అందరూ కలిసి బిర్యానీ తింటుంటే పెర్సిస్ సంచిలోంచి చిన్న గిన్నె తీసి, పలచని పప్పుకట్టు చెంచాతో చప్పరిస్తూ కూర్చుంది. పాస్టరుగారి భార్య సత్యవేదమ్మ అది చూసింది.

"చెప్పకుండా నలభై రోజులూ పట్టావన్నమాట! ఎంత గుట్టుగా దాచావమ్మా!"

పెర్సిస్ నవ్వింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజుకి చేసిన తప్పల్లా ఆ నవ్వే.

క్రిస్మస్ నాటికి నలభై రెండు కిలోలు తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది. సుగరు మాత్రలు సగానికి దిగాయి. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. చేతుల కింద చర్మం వేలాడింది. రెండు ముద్దలు తొందరగా మింగిన రోజున దొడ్లోకి పరుగెత్తాల్సి వచ్చేది. ఇది ఆమె కొనుక్కున్న బతుకు. సుఖమూ ఉంది, కష్టమూ ఉంది, రెండూ ఆమెవే. కానీ తగ్గిన కిలోలకి హక్కుదారులు బారులు తీరారు. ఆసుపత్రి వాళ్ళు "ప్రకటనకి ఒక ఫొటో ఇవ్వండి మేడమ్" అని నాలుగుసార్లు ఫోను చేశారు. రెండేళ్ళ కిందట పొడి అమ్మిన అన్నయ్య ఆమె ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి "మన సెంటర్ రిజల్ట్" అని రాసుకున్నాడు. ఆ ఏడు పోషకాహార ర్యాలీలో డాక్టరుగారు ఆమెని పిలిచి మరీ బ్యానరు మధ్యలో నిలబెట్టాడు. ఇంకొందరు "తగ్గడం కాదే అది, లోపల ఏదో జబ్బుంది" అని నిర్ధారించారు. లావున్నప్పుడు ఆమె ఎంత తింటోందో లెక్కపెట్టినవాళ్ళే ఇప్పుడు ఎప్పుడు పోతుందో లెక్కేశారు.

ఈ ఫిబ్రవరిలో, శ్రమదినాలకి ముందు, స్త్రీల కూటంలో సత్యవేదమ్మ మైకు పట్టుకుంది. "మన పెర్సిసమ్మ ఉపవాసంతో నలభై రెండు కిలోలు తగ్గింది! దేవుడు నీకు చేసిన మేలుకి లేచి సాక్ష్యం చెప్పమ్మా."

పెర్సిస్ లేచింది. "దేవునికి స్తోత్రం" అంది. కూర్చుంది. రెండే రెండు మాటలు. ఆ సాయంత్రం ముప్పై మంది ఆడవాళ్ళు నలభై రోజుల ఉపవాసానికి పేర్లిచ్చారు. అందులో లిడియా ఒకరు. అదే వీధిలో ఉండే అరవై రెండేళ్ళ ఆవిడ, రోజూ రెండుపూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటుంది.

పెర్సిస్ ఆమె ఇంటికి వెళ్ళి మరీ చెప్పింది. "పిన్నిగారూ, మీరు సూది మీదున్నారు. ఉపవాసం వద్దండీ."

"నువ్వు చేసిందేగా అమ్మా! నీకొచ్చిన మేలు నాకు రాకూడదా?"

అక్కడ నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "కనీసం సూది సంగతి డాక్టర్ని అడగండి" అని గొణిగి వచ్చేసింది. వేలమంది పసివాళ్ళకి టీకాలు వేసిన మనిషి, సుగరు గురించి ఊరంతటికీ పాఠాలు చెప్పే మనిషి, తన కడుపు మీది మూడు బెజ్జాల గుట్టు కాపాడుకోవడానికి నోరు మూసుకుంది. ఇక్కడ ఆమెని వెనకేసుకు రావడం కుదరదు. కానీ ఆ నోరు అలా మూసుకోవడం ఆమెకి నేర్పిందెవరో కూడా చెప్పుకోవాలి. "నోరు కట్టుకోలేక కోయించుకుంది" అనే మాట సిద్ధం చేసుకుని గుమ్మాల్లో కూర్చున్నది మనమే.

మూడో రోజు శుక్రవారం. పొద్దున సూది వేసుకుని, ఏమీ తినకుండా చర్చిలో ప్రార్థనకి వచ్చింది లిడియా. ప్రార్థన మధ్యలో ఒళ్ళంతా వణకడం మొదలైంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. నాలుక మడతపడి మాట అర్థం కాకుండా పోయింది.

"ఆత్మ దిగిందమ్మా! ఎవరూ ముట్టుకోకండి!" అంది సత్యవేదమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టి పాట అందుకున్నారు.

పెర్సిస్ మనుషుల్ని తోసుకుంటూ వచ్చింది. "ఆత్మ కాదండీ! సుగరు పడిపోయింది! జరగండి!"

"ప్రార్థనలో కేకలేంటమ్మా" అని ఎవరో రెక్క పట్టుకున్నారు. విదిలించుకుంది. సంచిలోని సుగరు మిషనుతో వేలు గుచ్చి చూస్తే నలభై ఒకటి, డెబ్బైకి తగ్గకూడదు. ఇంకా మింగగలుగుతోంది కాబట్టి గ్లూకోజు నీళ్ళు గుక్క గుక్కగా పట్టించి, 108 పిలిపించి, ఏలూరు పెద్దాసుపత్రికి తనే వెంట వెళ్ళింది. పాట ఇంకో పది నిమిషాలు వెనక సాగుతూనే ఉంది.

సాయంత్రానికి లిడియా తేరుకుంది. మంచం పక్కన ఉన్న పెర్సిస్ చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు నలభై రోజులు ఉన్నావు. నేను మూడు రోజులు ఉండలేకపోయానమ్మా. నా విశ్వాసం అంతే."

ఆ మాటకి పెర్సిస్ తట్టుకోలేకపోయింది. చీర కొంగు పక్కకి జరిపి, పొట్ట మీది మచ్చలు చూపించి, మొదటి నుంచీ చెప్పింది. లిడియా విన్నది. విని, గోడవైపు తిరిగి పడుకుంది. అటే తిరిగి ఉండి అడిగింది. "మరి మిగతా ఇరవై తొమ్మిది మందికీ ఎవరు చెబుతారే?"

పెర్సిస్ మర్నాడు పాస్టరు నెహెమ్యాగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. అంతా ఓపికగా విని, "ఆమె బతికింది, దేవునికి మహిమ. ఇక దీన్ని అందరి ముందూ పెట్టడం ఎందుకమ్మా? విశ్వాసులు అభ్యంతరపడతారు" అన్నాడు.

"ఇంకొకరు పడిపోతే అభ్యంతరపడరాండీ?"

 ఆదివారం సాక్ష్యాల వేళకి ఆయన ఆమెకి మైకు ఇచ్చాడు. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి.

పెర్సిస్ పాటలు పాడలేదు, ఏడవలేదు. "నేను తగ్గింది ఉపవాసంతో కాదండీ, ఆపరేషన్‌తో. పిత్తాశయంలో రాళ్ళని అబద్ధం చెప్పాను. మీరు ఉపవాసమనుకుంటే ఊరుకున్నాను. నన్ను చూసి పేరిచ్చినవాళ్ళలో సుగరు మందు వాడేవాళ్ళు ఇంకా ఆరుగురున్నారు. మీరు ఇవాళే తినండి. రేపు పొద్దున నాతో రండి, డాక్టరుతో మాట్లాడిస్తాను. నన్ను క్షమించండి."

 చర్చిలో అందరి గొంతులూ ఒక్కసారి లేచాయి. "మోసం" అన్నారు. "దేవుడిచ్చిన కడుపుని కోయించుకుని పైగా గుళ్ళో చెప్పడమా" అన్నారు. ఉపవాసంతో తగ్గిన పెర్సిస్ దైవభక్తురాలు, ఆపరేషన్‌తో తగ్గిన అదే పెర్సిస్ దొంగ. ఒక ప్రాణం పోబోయిందన్న సంగతి మీద మాత్రం ఎవరికీ అంత కోపం రాలేదు.

మర్నాడు పొద్దున ఆరోగ్య కేంద్రానికి ఆరుగురిలో నలుగురు వచ్చారు. మిగతా ఇద్దరి ఇళ్ళకి పెర్సిస్ తనే వెళ్ళింది. ఒకరు తలుపు తీశారు. రెండో ఇంట్లో కిటికీలోంచే "మాకు తెలుసులెండి" అన్నారు. ఆ ఇంటికి ఆమె ఇంకా వారానికోసారి వెళుతోంది. ఆ కిటికీ ఇంకా సగమే తెరుచుకుంటోంది.

వీధిలో ఆమెకి కొత్త పేరొచ్చింది, కోత సిస్టరని. స్త్రీల కూటంలో ఆమె పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే లిడియా వచ్చి కూర్చుంటోంది. "ఆపరేషన్ చేయించుకున్నందుకు బాధపడుతున్నారా?" అంటే పెర్సిస్ "లేదండీ, నిద్రపడుతోంది" అంటుంది. "దాచినందుకు?" అంటే సంచి తీసుకుని ఆ కిటికీ ఇంటివైపు బయల్దేరుతుంది.

ఉపవాసం ఎవరి నమ్మకం వారిది. చర్చిలో శ్రమదినాలుంటాయి, పక్క వీధిలో శనివారాలుంటాయి, కార్తీక సోమవారాలుంటాయి, రంజానుంటుంది. ఎవర్నీ మానమనడం లేదు. మీ గుడి కమిటీనో, మీ చర్చి సంఘాన్నో, మీ మసీదు పెద్దల్నో వచ్చే సమావేశంలో ఒక్కటి అడగండి. ఉపవాసం ప్రకటించే మైకులోనే, అదే నోటితోనే, "సుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా పట్టకండి" అని చెప్పించండి. పేర్లు రాసుకునే పుస్తకంలో ఆ ప్రశ్నకొక గడి గీయించండి. మీ వీధి ఏఎన్‌ఎంని ఆ రోజు పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్ళు ఒప్పుకోకపోతే మళ్ళీ అడగండి. చిక్కిన మనిషి కనపడితే ఎలా చిక్కావని ఆరా తీయకండి, ఆమెకి చెప్పాలనిపిస్తే చెబుతుంది. ఈ వారమే అడగండి. ఇన్సులిన్ సూది వేసుకుని పరగడుపున ప్రార్థనకి బయల్దేరే లిడియాలు మీ వీధిలోనూ ఉన్నారు.