ముక్కుపుడక మీద ఫోకస్

గుడిబండె బస్టాండులో ఆ పెద్దావిడ ముక్కుపుడక ఎండకి తళుక్కుమనగానే నా చేయి కెమెరా మీదికి పోయింది. "ఒక ఫోటో తీసుకుంటానమ్మా" అంటే నవ్వి, కొంగు సర్దుకుని నిలబడింది.

నా డిజిటల్ కెమెరాకి బిగించింది పాతకాలం లెన్సు. దానికి ఆటోఫోకస్ ఉండదు, రింగు మనమే తిప్పుకోవాలి. వెంట్రుకవాసి తప్పినా ముఖం మసకే. అందుకే తెరమీద ముక్కుపుడక ఒక్కటే కనిపించేంత పెద్దది చేసుకుని, ఊపిరి బిగబట్టి రింగు తిప్పాను. రాయి అంచు గీత గీసినట్టు తేలింది! దొరికిందిరా అనుకుని, బొమ్మను మామూలు సైజుకి తెచ్చి చూద్దును కదా, ఆమె చుట్టూ జనం! కోడలు, పూలమ్మే ఆమె, ఎవరో ముసలాయన, చివరికి మా బస్సు కండక్టరు కూడా.

"మిమ్మల్ని ఒక్కరినే తీద్దామనుకున్నానమ్మా."

"ఒంటి ఫోటో గోడకేసి దండేసేదానికప్పా. నేనింకా బతికే ఉండాను గదా!"

అందరూ గొల్లుమన్నారు. వెనకా ముందూ నిలబడితే కొందరు మసకబారతారని చెప్పాను. "అందురూ నా వరసకి రాండి" అని ఆమె కేకేసింది. భుజాలు ఆనించుకుని నిలబడ్డారు. కండక్టరే ఫోటోలో ఉన్నాడు కనుక బస్సు కదిలిపోతుందన్న భయం లేదు. మళ్లీ తాపీగా రింగు తిప్పి నొక్కాను.

ప్రతి ముఖమూ స్పష్టం! పట్టలేని సంతోషంతో ఆమె దగ్గరికి పరుగెత్తి, ముక్కుపుడకను తెర నిండా పెద్దది చేసి చూపించాను.

ఆమె కళ్లు చిట్లించి చూసింది. "తగ్గించప్పా, పక్కనోళ్లంతా యాడికి పోయిరి?"