కింది కొట్లోంచి వచ్చిన ‘ఆయ్’

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. కరెంటుతోనూ కంప్యూటర్లతోనూ పనిచేసేవాడికి ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది. ఎక్కడో ఒక వైరు ఊడి ఉంటుంది, అంతే. ఈ ఒక్కదానికే నాకు ఇంతవరకు ఆ వైరు దొరకలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, కోనసీమలో చిన్నాచితకా ఆఫీసులన్నీ కంప్యూటర్లు పెట్టుకుంటున్న రోజులవి. నేను అమలాపురం నుంచి వెళ్ళి నెట్‌వర్క్ పెట్టి వచ్చేవాణ్ణి. నాతో కొత్తపేట సత్తిబాబు గారు వచ్చేవారు. ఎలక్ట్రీషియన్, నాకంటే పెద్దాయన, నెమ్మదైన మనిషి. నాది నోటి దురుసు. ఆయన ఉండబట్టి నా పని సాగేది.

ఆ రోజు పని మలికిపురంలో, ఒక మేడ మీది ఆఫీసులో. కింద ఒకప్పుడు కొబ్బరికాయలు పోసిన కొట్టు, అప్పటికి ఖాళీ. మేడకి మెయిన్ బోర్డు ఆ కొట్లోనే, ఒక చెక్క బీరువాలో ఉంది.

మేం పెట్టాల్సింది ఒక రాక్, అంటే నెట్‌వర్క్ పెట్టెలన్నీ బిగించే నిలువెత్తు ఇనప చట్రం. ముందు దాన్ని నేలకి బోల్టులతో బిగించాలి. తర్వాత బరువైనవి కింద, తేలికవి పైన. తిరగేసి పెడితే ఏదో ఒకనాడు మన మీదకే వంగి దణ్ణం పెడుతుంది. అదంతా ఇద్దరం కలిసి మధ్యాహ్నానికి పూర్తిచేశాం. ఇక గోడలోని పెట్టె మూత విప్పి, అందులోని వైరుకి రాక్ వైరు కలపాలి. ఆ వైరులో కరెంటుండగా పట్టుకుంటే మనిషి మిగలడు.

దానికి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఆయన కిందికెళ్ళి మెయిన్ ఆపుతారు. నేను పైనుంచి కేకేసి అడుగుతాను. ఆయన ‘ఆయ్’ అంటారు. మా వైపు ఆ ఒక్క మాటే అన్ని పనులూ చేస్తుంది. అవునన్నా ఆయే, విన్నానన్నా ఆయే, అలాగేనన్నా ఆయే. సత్తిబాబు గారి ఆయ్ కొంచెం సాగుతుంది, ముక్కుతో పలుకుతుంది. వందమందిలోనైనా పోల్చుకోగలను.

వాన పడుతోంది. ఆయన కిందికి దిగారు. కాసేపాగి కేకేశాను.

“సత్తిబాబు గారూ, మెయిన్ ఆపేరా?”

“ఆయ్.”

మూత విప్పాను. చెయ్యి పెట్టబోతూ, అలవాటుకొద్దీ టెస్టర్ ఆనించాను. వెలిగింది, అంటే కరెంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏమండీ, ఆపేరా లేదా?”

“ఆయ్.”

టెస్టర్ వెలుగుతూనే ఉంది.

“అయితే ఆపలేదా?”

“ఆయ్.”

అదే గొంతు, అదే సాగదీత. నా కోపం అక్కడే ఆగిపోయి భయం పట్టుకుంది. సత్తిబాబు గారు కరెంటు దగ్గర వేళాకోళం ఆడే మనిషి కారు.

కిందికి వెళ్ళి చూద్దామని లేచాను. కిటికీలోంచి రోడ్డు కనపడింది. తల మీద తువ్వాలు వేసుకుని, అవతలి కొట్టు దగ్గర్నుంచి రోడ్డు దాటి వస్తున్నారు సత్తిబాబు గారు. ఆయన మీంచి చూపు తిప్పకుండానే పిలిచాను.

“సత్తిబాబు గారూ?”

రోడ్డు మీద ఆయన పెదవి కదల్లేదు. కింది కొట్లోంచి ‘ఆయ్’ అని వినపడింది.

ఆయన పైకొచ్చేసరికి నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను.

“బీరువాకి తాళముందండి. తాళంచెవి ఎదర కొట్లో ఉందంటే తేడానికెళ్ళేను. ఏంటండి, అలాగైపోయేరు?”

జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఇద్దరం కలిసి కిందికి దిగాం. కొట్లో ఎండిన పీచు తప్ప ఏమీ లేదు. దానికి రోడ్డు వైపున్న తలుపు ఒక్కటే దారి, ఆయన పైకొచ్చింది కూడా ఆ తలుపులోంచే, కొట్లోని మెట్ల మీదుగా. బీరువా తాళం వేసినది వేసినట్టే ఉంది. ఆయన తాళం తీసి, మెయిన్ ఆపి, ఫ్యూజులు రెండూ పీకి నా జేబులో వేశారు.

“ఇయ్యి మీ దగ్గరుంటే ఇంకెవరి మాటా నమ్మక్కర్లేదండి.”

పైకొచ్చి మళ్ళీ టెస్టర్ పెట్టాను. వెలగలేదు. అయినా నా చెయ్యి ముందుకు పోలేదు. సిగ్గేసింది, కానీ పోలేదు. సత్తిబాబు గారు నా మొహం చూసి, చెయ్యి చాపి ఆ వైరు పట్టుకున్నారు. కొంచెంసేపు అలాగే పట్టుకుని, “ఇప్పుడు పట్టుకోండి,” అన్నారు.

ప్రతిధ్వని అందామంటే, నేను ఆయ్ అనలేదు. ఎవరో ఆటపట్టించారందామంటే, అది ఆయన గొంతే. నన్ను చంపాలని చూసిందో, అడిగిన పాపానికి మర్యాదగా పలికిందో, నాకు ఇప్పటికీ తెలియదు.