సైదులు నడుము గురించి నేను చెప్పని మాట

ఆ పొద్దున బరువులెత్తే బార్ పట్టుకోకముందే సైదులు తన నడుం సుర్రుమంటున్నదని నాకు చెప్పాడు. చెప్పాడన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళు. దవాఖానలో డాక్టర్ అడిగినప్పుడు చెప్పలేదు. అతని భార్య అడిగినప్పుడు చెప్పలేదు. నాకు విద్య నేర్పిన మనిషి నా ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కూడా చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదేమో. దాని స్థానంలో ఇంకొకటి చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పుకోవడం తేలికనుకుని మొదలుపెట్టాను. తేలిక కాదు.

నాది మిర్యాలగూడలో చిన్న జిమ్. నేర్చుకున్నది మాత్రం కోదాడలో, దేవదానం సారు దగ్గర. ఆయన బడిలో ఆటలు నేర్పే పీఈటీ. ఇంటి పక్కన రేకుల షెడ్డులో పొద్దున్నే నలుగురైదుగురికి బరువులెత్తడం నేర్పేవారు. మునగాల సైదులు కూడా మొదట అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీగా చేరి, నా జిమ్‌కు రావడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాయన కూడా హమాలీనే. నలభై దాటకముందే నడుం పోయి మంచం పట్టాడు. తనకట్లా కావద్దని సైదులు వీపు గట్టి చేసుకోవాలనుకున్నాడు. అంతే అతని కోరిక. అద్దం ముందు నిలబడి కండలు చూసుకునే రకం కాదు.

"పొద్దంతా బస్తాలు మోసేటోనివి, పొద్దుగాల్నే గా ఇనుము మోసుడేంది అని మా ఆమె తిడతది అన్నా," అని నవ్వేవాడు.

వీపుకు బార్‌బెల్ రో మంచిది. ముందుకు వంగి బార్‌ను పొట్ట దాకా గుంజడం. సారు పద్ధతిలో వీపు నేలకు సమాంతరంగా ఉండాలి. బార్ నేల మీది నుంచి లేస్తుంది, ప్రతిసారీ మళ్ళీ నేలను తాకి ఆగుతుంది. ఆగిన ఆ క్షణంలో నడుము ఊపిరి తీసుకుంటుంది. అలసిపోతే బార్ అక్కడే వదిలేయొచ్చు. బరువు మాత్రం తక్కువే ఎత్తగలం. నా పద్ధతి వేరు. సగమే వంగి, అరచేతులు పైకి తిప్పి పట్టుకుంటే, మొదటి నుంచి చివరిదాకా బార్ చేతుల్లోనే వేలాడుతుంది. ఎక్కువ బరువు ఎత్తొచ్చు, కానీ అంతసేపూ దాన్ని నడుమే ఆపాలి. చేతులు చాలకపోతే మనిషి ఒళ్ళు పైకి విసురుతాడు. బార్ లేస్తుంది. వీపు పని చేసిందనిపిస్తుంది. కష్టపడింది నడుము.

సరిగ్గా చేస్తే రెండూ మంచివే. తొడల వెనక కండ బిగుసుకుపోయినవాడు నేల దాకా వంగితే వీపు గూని పడుతుంది. అలాంటివాడికి నా పద్ధతే నయం. సైదులు అలాంటివాడు కాదు. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనించేవాడు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు.

మరి అతని పద్ధతి ఎందుకు మార్పించాను? సారు శిష్యుడన్న పేరు నాకు ఇరుకైంది. నాకంటూ ఒక పద్ధతి ఉండాలనిపించింది. "ప్రతిసారి బార్ కింద పెట్టుడేందిరా, బస్తా దించినట్టు? గది ముసలోళ్ళ కసరత్తు," అని అందరి ముందూ ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ పొద్దున జిమ్‌లో మేమిద్దరమే.

"అన్నా, ఇయ్యాల నడుంల సుర్రుమంటాంది. నిన్న లారీ లోడు ఎక్కువైంది."

"హమాలీవి, నువ్వే నడుం నొస్తుందంటే ఎట్లరా? గుంజు. వేడెక్కితే అదే పోతది."

"జర సారు లెక్క కింద పెట్టి గుంజనా?"

"గీడ సారు లేడు. నేనున్న."

బార్‌కు ఇటొకటి అటొకటి ఇనుప ప్లేట్లు నేనే ఎక్కించాను. ఆరోసారికి అతని చేతులు ఆగిపోయాయి. "ఒళ్ళు ఇసురు, ఇంకో రెండు," అన్నాను. విసిరాడు. అరవలేదు. బార్ వదిలేసి మోకాళ్ళ మీద కూలబడి, తప్పు తనే చేసినట్టు నా వైపు చూశాడు. "కాలు తెలుస్తలేదన్నా," అన్నాడు.

సూర్యాపేటలో ఆపరేషన్ చేశారు. ఎడమ కాలు పూర్తిగా తిరిగి రాలేదు.

కబురు తెలిసి దేవదానం సారు కోదాడ నుంచి బస్సెక్కి వచ్చారు. దవాఖాన వరండాలో నన్ను పట్టుకుని, "ఏం చేస్తుండగా ఇట్లా అయింది నాయనా?" అని అడిగారు. నిజం చెప్పడానికి అంతకన్నా సులువైన సమయం మళ్ళీ దొరకదు. నేనేమన్నానో తెలుసా? "మీ దగ్గర రెండేళ్ళు నేల మీది నుంచి గుంజి గుంజి ముందే అరిగిందట సార్. డాక్టరే అన్నడు. నా దగ్గర బయటపడ్డది, అంతే."

డాక్టర్ అలా అనలేదు.

సారు వాదిస్తే బాగుండేది. వాదించలేదు. గోడకు ఆనుకుని, "నేను చూసుకోవాల్సింది," అన్నారు.

సైదులుకూ అదే చెప్పాను. ఆ పొద్దున తను నొప్పన్న సంగతి అతనికి గుర్తుంది, నేను విసరమన్న సంగతీ గుర్తుంది. అయినా నమ్మాడు. ఎందుకంటే ఆ నొప్పినే అతనికి సాక్ష్యంగా చూపించాను. "ముందే నొచ్చిందంటే పాతదే కదరా," అన్నాను. తనను కాపాడమని అతను నాతో చెప్పుకున్న మాటను నా మీదికి రాకుండా అడ్డం పెట్టుకున్నాను. భయంతో చేశానా? భయమైతే మొదటి రోజుతో పోవాలి. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఏళ్ళ తరబడి అదే ఎందుకు చెప్పుకుంటూ తిరిగాను? చెప్పిన ప్రతిసారీ నా పద్ధతి గెలిచినట్టుండేది. అదీ నిజం.

సారు షెడ్డుకు తాళం వేశారు. ఇక ఎవరికీ ఏమీ నేర్పలేదు. నా జిమ్ నడుస్తూనే ఉంది.

సైదులు ఇప్పుడు మునగాలలో, హైవే పక్క దాబాలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తాడు. పోయిన నెల అటు పోతూ చాయ్‌కి ఆగాను. మాటల్లో అన్నాడు: "సారు నెలకోసారి వస్తడన్నా. రిటైరైనంక గూడ వస్తుండు. నా కాలు ఒళ్ళె పెట్టుకొని పిసుకుతడు. పోయేటప్పుడు క్షమించు సైదులూ అంటడు. గంత పెద్దమనిషి గట్లంటే నాకే సిగ్గయితది."

నెలకోసారి. పదకొండేళ్ళు. నేను చేసిన పనికి ఆయన క్షమాపణ అడుగుతున్నారు.

చాయ్ అక్కడే వదిలేసి కోదాడ పోయాను. సారుకు అంతా చెప్పాను. ఆయన రెండే అడిగారు.

"నొప్పని ముందే చెప్పాడా?"

"చెప్పిండు సార్."

"నాలాగా చేస్తానని అడిగాడా?"

"అడిగిండు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకోలేదు. "రోజూ ప్రార్థనలో వాడి పేరెత్తి నా పాపమనే చెప్పుకున్నానురా," అన్నారు. అంతవరకు ఎన్నడూ నన్ను 'రా' అని పిలవలేదు. నేను చేతులు జోడించబోతే ఆపారు. "నా సంగతి తర్వాత. ముందు వాడికి చెప్పు. నేను పక్కన ఉంటా." లోపలికెళ్ళి చొక్కా వేసుకొచ్చారు.

అట్నుంచే ఇద్దరం మునగాల పోయాం.

దాబా వెనక చెప్పాను, లారీల మోతలో, గొంతు పెంచి. వాళ్ళిద్దరిలో ఎవరూ క్షమించానని అనలేదు. సైదులు కత్తి పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, తన స్టూలు సారు వైపు జరిపాడు. నా వైపు చూడలేదు. నాకు మాత్రం ఆ రోజు ఊపిరి నిండుగా ఆడింది. అంతకుమించి నాకు రావలసింది ఏమీ లేదు. అక్కడ నేనన్న మాటలు ఒక్కటీ మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను, రేపు నేనే మళ్ళీ ఇంకో రకంగా చెప్పకుండా.

"సైదులూ, నువ్వు నొప్పన్నవ్, నేను ఇనలే. కింద పెట్టి గుంజుతనన్నవ్, వద్దన్న. ఇసురుమన్నది నేను. డాక్టర్ ఏమన్లే, అబద్ధం నాది. సారు తప్పు ఏం లేదు, ఎన్నడూ లేదు. నీకు తప్పు చేసిన, సారుకు తప్పు చేసిన. క్షమించుమని అడిగే మొఖం లేదు నాకు. అయినా అడుగుతున్న."